చిన్న రియాక్టరే! మరి నేల ఎవరిది?



అంతరిక్షంలో కరెంటు కోసం చిన్న అణు రియాక్టర్లు వస్తున్నాయని, వాటితో ఏ ప్రమాదమూ లేదని, ప్రశ్నించేవాళ్లకు సైన్స్ తెలియదని చాలామంది అంటున్నారు. మేమూ సైన్స్ చదువుతున్నోళ్లమే. అందుకే అడుగుతున్నాం.

ముందు ఒప్పుకోవాల్సింది ఒప్పుకుందాం. 2018 మార్చిలో అమెరికాలోని నెవాడాలో నాసా వాళ్లు 'క్రస్టీ' అనే రియాక్టర్‌ను 28 గంటలు నడిపి చూశారు. అందులో ఉన్నది సుమారు 30 కిలోల యురేనియం ముద్ద. సోడియం గొట్టాలు దాని వేడిని ఇంజిన్లకు మోస్తాయి, ఇంజిన్లు కరెంటు తీస్తాయి. వేడి పెరిగితే ముద్ద వ్యాకోచిస్తుంది, న్యూట్రాన్లు బయటికి జారిపోతాయి, చర్య దానంతటదే తగ్గుతుంది. చంద్రుడి మీద రాత్రి అంటే మన లెక్కలో 14 రోజులు. అక్కడ సోలార్ ఒక్కటే సరిపోదు. మంచి ఇంజనీరింగే, కాదనట్లేదు.

కానీ 'చిన్నది' అంటున్నారే, దేన్ని కొలిచి? ఆ ముద్దను ఒక్కదాన్నే కొలిచి!

పరీక్ష చేసిన నేల ఎవరిది? పశ్చిమ షోషోనీ ఆదివాసులది. 1863 ఒప్పందంలో ఆ నేలను మేం వదులుకోలేదని వాళ్లు ఇప్పటికీ అంటున్నారు. 1951 నుంచి 1992 దాకా అక్కడ 928 అణు పరీక్షలు చేశారు.

రియాక్టర్ కూలితే పడేది ఎక్కడ? 1978 జనవరిలో సోవియట్ ఉపగ్రహం కాస్మోస్ 954 రియాక్టర్‌తో సహా కెనడా ఉత్తరాన కూలింది. అది దేనె, ఇన్యూట్ ప్రజలు వేటాడుకుని బతికే నేల. కెనడా సుమారు 60 లక్షల డాలర్లు అడిగితే సోవియట్ ఇచ్చింది 30 లక్షలు. ఇప్పటి రియాక్టర్లను కక్ష్యలోకి చేరాకే ఆన్ చేస్తాం, భయం లేదంటారు. పైకి పంపేటప్పటి వరకు ఆ మాట నిజమే. కాస్మోస్ రియాక్టర్‌ను కూడా పని అయ్యాక పై కక్ష్యకు నెట్టాలనే ప్లాన్ వేశారు. అది ఫెయిలైంది.

ఇక యురేనియం ఎక్కడి నుంచి వస్తుంది? క్రస్టీలోది ఏ గనిదో మేం చెప్పట్లేదు. కానీ అమెరికాలో నవాహో నేల మీద వదిలేసిన యురేనియం గనులే 500కు పైగా ఉన్నాయి. మన దేశంలో మొదటి గని జాదూగూడ. అది సంతాల్, హో ఆదివాసుల ప్రాంతం. 2019లో యురేనియం కోసం చూపు పడింది మన నల్లమల చెంచుల మీద. జనం లేచి అడ్డం నిలబడ్డాకే తెలంగాణ అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది.

తవ్వేది మన దగ్గర, పేల్చేది మన దగ్గర, కూలేదీ మన దగ్గర. నిర్ణయం చేసే గదిలో మాత్రం మనం ఉండం. ఇది యాదృచ్ఛికమని నమ్మమంటారా?

మేం రియాక్టర్ వద్దనట్లేదు. లెక్క పూర్తిగా రాయమంటున్నాం. ముద్ద బరువు పక్కనే గని, పరీక్షా స్థలం, పడే చోటు కూడా రాయండి. అక్కడున్న జనాన్ని ముందే అడగండి. వాళ్లు వద్దంటే ఆగండి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఫిజిక్స్ కష్టమని వదిలేయకండి. రేపు ఆ గదిలో కూర్చుని ఈ లెక్క అడగాల్సింది మనమే.

జై ఆదివాసీ!