గూడు చూశాకే

పొద్దున మావారిని, పిల్లాణ్ణి పంపేసి కాఫీ గ్లాసుతో బాల్కనీలో కూర్చుంటాను. రైసూత్‌లో ఆ వేళకి పోర్టు లారీల మోత తప్ప ఏముంటుంది? ఈమధ్య ఆ మోతని మించి కిచకిచలు. కింద తుమ్మచెట్టుకి పసుప్పచ్చ పిట్టలు గూళ్లు అల్లుతున్నాయి.

మన గిజిగాళ్లే అనుకున్నా. కాదు, వాటి దాయాదులు, రూపెల్స్ వీవర్లు. ఇథియోపియా, సోమాలియా వైపు నుంచి యెమెన్, మన సలాలా దాకా ఉంటాయి. మగదానికి ముదురు గోధుమరంగు ముఖం, ఎర్రటి కన్ను. ఆడదానికి ఏ సోకూ లేదు, మట్టిరంగు చీర కట్టినట్టుంటుంది. అయినా నిర్ణయం దానిదే!

మగపిట్ట ఆకుల్ని పీచులుగా చీల్చి తెచ్చి, ముక్కుతోనే ముడులేసి అల్లుతుంది. ఆడపిట్ట కనబడగానే గూటికింద తలకిందులుగా వేలాడి రెక్కలు టపటపలాడిస్తూ ఒకటే అరుపు. ఆవిడ వస్తుంది, చూస్తుంది, చాలాసార్లు ఎగిరిపోతుంది. పాపం, మళ్లీ మొదలు.

బీఎస్సీ జువాలజీలో గిజిగాడి గురించి చదివింది గుర్తొచ్చింది. బొంబాయి దగ్గర కిహింలో వాటిని గమనించి సలీం అలీ 1931లో రాశారు. మగది గూడు సగమే కట్టి ఆపుతుందట. ఆడది లోపలికెళ్లి చూసి ఒప్పుకుంటేనే మిగతా సగం, కింది గొట్టం కడుతుంది. ఆవిడ గుడ్లు పెట్టగానే అయ్యగారు పక్కనే ఇంకో గూడు, ఇంకో ఆడపిట్ట! పిల్లల పెంపకం దాదాపుగా ఆవిడదే. అంతా తన నెత్తినే పడేటప్పుడు గూడు చూసుకోకుండా ఎలా ఒప్పుకుంటుంది?

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మావారు కాకినాడలో ఫ్లాట్ చూశారు. చూశారంటే, వాట్సాప్‌లో. ఈ నెలాఖరుకి అడ్వాన్సు కట్టాలి. ఇద్దరి పేరా కాబట్టి నా సంతకమూ కావాలి. "అన్నయ్య చూశాడుగా, బావుందన్నాడు" అన్నారు. బావగారు మంచివారే. కానీ రేపు అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులతో, పిల్లాడి స్కూలుతో ఆ ఇంట్లో తెల్లారేది నాకు. వంటగదికి కిటికీ ఉందో లేదో ఏ ఫొటోలోనూ కనబడలేదు.

నిన్న రాత్రి చెప్పేశాను. "ఏమండీ, నేను వెళ్లి చూసొచ్చాకే సంతకం."

"టికెట్ రేటు తెలుసా?" అన్నారు.

"ఫ్లాట్ రేటూ తెలుసు" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. పొద్దున లేచేసరికి ఫోన్లో సలాలా నుంచి హైదరాబాదు టికెట్లు వెతుకుతున్నారు. చెట్టుమీద మూడోగూడు సగంలో ఉంది.