కంటికి కనబడని ఎడము

తిరుమల సంకీర్తన భాండారమున దొరకిన తాళ్లపాకవారి రాగిరేకులలో, మన ప్రాచీన శాసనములందువలెనే, పదమునకును పదమునకును నడుమ ఎడము లేదు. అక్షరములు తెరపి లేక సాగిపోవును. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మొదలగు పండితులు వానిని పరిష్కరించునపుడు పదవిభాగము తామే నిర్ణయింపవలసివచ్చినది. అది సులభమైన పని కాదు. ‘వాడిపోయినది’ అని కలిపి వ్రాసినచో పువ్వు వాడుట. ‘వాడి పోయినది’ అని విడదీసినచో కత్తి పదును పోవుట. ఎడము కూడ అర్థమును మోయును.

నేడు తిరుపతి, చిత్తూరు జిల్లాలలో పైథాన్ నేర్చు విద్యార్థులకు ఈ చిక్కే మరియొక రూపమున ఎదురగుచున్నది. ఆ భాషలో పంక్తికి ముందు విడుచు ఖాళీయే వ్యాకరణము. ‘35 మార్కులు వచ్చినచో’ అను షరతు క్రింద లోపలికి జరిపి వ్రాసిన పంక్తులే దానికి లోబడును. వానిలో ఉత్తీర్ణుల సంఖ్యను పెంచు పంక్తి యొక్కటి ఎడమ అంచునకు జారినచో, తప్పినవారును ఉత్తీర్ణుల లెక్కలో చేరుదురు!

ఆ ఖాళీని ట్యాబుతో విడువవలెనా, స్పేసులతో విడువవలెనా అన్నది ప్రోగ్రాములు వ్రాయువారిలో ఎడతెగని వాదము. ట్యాబు ఒకే గుర్తు. దాని వెడల్పును చదువరి తనకు అనువైనట్లు మార్చుకొనవచ్చును. చూపు మందగించి అక్షరములను పెద్దవి చేసికొని చదువువారికి అది మేలు. స్పేసులో, ఏ యంత్రమున చూచినను ఒక్కతీరున నిలుచును. గో భాషవారు ట్యాబును వరించిరి. 2001లో వెలువడిన పైథాన్ శైలీనియమావళి నాలుగు స్పేసులు మేలన్నది.

పైథాన్ పాఠమునకు నాలుగు స్పేసులే తగునని నా మతము. అన్యులు వ్రాసినదానిని దిద్దునపుడు మాత్రము వారి పద్ధతినే పాటింపవలెను. రెంటిని కలుపుటయే అసలు దోషము. కంటికి రెండును ఒక్కటే, యంత్రమునకు కావు. ఆ కలగలుపు వలన ఏ పంక్తి దేనికి చెందునో సందిగ్ధమైనచో పైథాన్ 3 ఆ ప్రోగ్రామును నడుపనే నడుపదు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. కనబడని తప్పునకు పిల్లవాని మార్కులు కోయుటకు ముందు, ఆ తప్పును వానికి కనబడునట్లు చేయుడు. ఖాళీలను చుక్కలుగను, ట్యాబులను బాణములుగను చూపు ఎడిటరులు కలవు. ట్యాబు మీట నొక్కినను నాలుగు స్పేసులే పడునట్లు అమర్చుకొనవచ్చును. మొదటి పాఠముననే ఈ రెండును నేర్పుడు.

రాగిరేకును చదివినవాడు భాష నెరిగిన మనుష్యుడు. ఎడము లేకున్నను అర్థము గ్రహించెను. యంత్రమునకు ఆ వివేకము లేదు. అది వ్రాయువానియందే యుండవలెను.