తిట్లు తినేవాళ్లకూ రక్షణ కావాలి

కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి గారికి,

"కోరి వెళ్లారు, డబ్బు తీసుకున్నారు, పడనీ!" తెలుగులో బిగ్‌బాస్ రియాలిటీ షో మొదలైన 2017 నుంచీ, అందులో పాల్గొన్నవాళ్లను ఎవరైనా తిట్టినప్పుడల్లా ఈ మాట వింటున్నాం. నేను ఒప్పుకోను.

2008లో హిందీ బిగ్‌బాస్‌కు వచ్చిన బ్రిటన్ మహిళ జేడ్ గూడీకి క్యాన్సర్ అన్న కబురు పోటీదారులుండే ఆ షో ఇంట్లో ఉండగానే అందింది. అంతకు ముందు ఏడాది బ్రిటన్‌లో ఇలాంటి షోలోనే నటి శిల్పాశెట్టిని నానా మాటలన్న మనిషే ఆమె. తప్పు తప్పే. అయినా 27 ఏళ్లకే, 2009 మార్చిలో కన్నుమూసిన ఆమె మీద జాలి పడకుండా ఎలా ఉంటాం?

బిగ్‌బాస్ ఇంట్లో ఫోన్ ఉండదు, పేపర్ రాదు. రోజంతా తీసినదాన్ని కత్తిరించి గంటసేపు చూపిస్తారు. ఆ గంటలో కోపంగా కనబడ్డ అమ్మాయి తల్లిని కూడా సోషల్ మీడియాలో బూతులు తిడతారు. ఆ తల్లి ఏ ఒప్పందం మీదా సంతకం పెట్టలేదు కదండీ!

బ్రిటన్ నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్, పాల్గొనేవారి క్షేమం చూసుకోవాల్సింది ఛానెళ్లేనని 2021 ఏప్రిల్ నుంచి నిబంధన అమలు చేస్తోంది. మనకూ అలాంటిదే కావాలి. షోకి ముందూ, అయిపోయాక కొన్ని నెలలపాటూ మానసిక నిపుణుల సాయం తప్పనిసరి చేయండి. వేధింపుల ఫిర్యాదులకు ఛానెల్లోనే ఒక బాధ్యుణ్ని పెట్టించండి. వచ్చే సీజన్ మొదలయ్యేలోపే ఉత్తర్వులివ్వమని వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక ప్రేక్షకురాలు