పది సెంట్ల బిళ్ల మీద బండి ఆగుతుందా?

ఇంగ్లిష్‌లో ‘స్టాప్ ఆన్ ఎ డైమ్’ అని ఒక ఇడియం ఉంది. డైమ్ అంటే అమెరికా వాళ్ల పది సెంట్ల బిళ్ల. వాళ్లు వాడే నాణేల్లో అన్నిటికన్నా చిన్నది, అడ్డకొలత 17.91 మిల్లీమీటర్లు. ఇదే మాటని బ్రిటన్ వాళ్లు ‘సిక్స్‌పెన్స్’ బిళ్లతో చెప్తారు. అంత చిన్న చోట ఆగిందంటే బ్రేకూ భేష్, డ్రైవరూ భేష్ అన్నమాట.

మనమేమో దీన్ని ‘సడన్‌గా ఆగడం’ అని బట్టీపట్టి గ్రూప్ డిస్కషన్లలో ఎక్కడపడితే అక్కడ వాడేస్తున్నాం. నా అభ్యంతరం అక్కడే. ఈ మాటలో వేగమే కాదు, అదుపు కూడా ఉంది. ఇది మెచ్చుకోలు. 2020 మార్చి 22 అర్ధరాత్రి నుంచి ప్యాసింజర్ రైళ్లు ఆగిపోయాయి కదా, దానికి డైమ్ నప్పదు. అక్కడ ‘స్క్రీచింగ్ హాల్ట్’ అనాలి. అదే మెల్లమెల్లగా నెమ్మదించి చివరికి నిలిచిపోతే ‘గ్రైండింగ్ హాల్ట్’.

తెలుగులో ఈ తేడాలు లేవా? ఉన్నాయి. రైళ్లు ‘ఎక్కడివక్కడ’ ఆగిపోయాయి. మంచి డ్రైవరు ‘గీత దాటకుండా’ ఆపాడు. ‘ఠక్కున’ అంటే మాత్రం వేగమొక్కటే తెలుస్తుంది. అన్నిటికీ ‘సడన్‌గా’ అనేసి మనమే వీటిని మూలన పడేశాం.

ఇంకో మాట. మాది పెదకాకాని. కొత్త బండి కొంటే చుట్టుపక్కల వాళ్లు చాలామంది మా మల్లేశ్వరస్వామి గుడికి తెచ్చి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి పూజ చేయిస్తారు. తర్వాత బండి 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కుతుంది. అక్కడ ఏ బండీ బిళ్ల మీద ఆగదు. మనం ఇంజనీరింగ్ వాళ్లం, లెక్క వేద్దాం. గంటకి 60 కిలోమీటర్లంటే సెకనుకి 16.7 మీటర్లు. ప్రమాదం చూసి బ్రేకు తొక్కేలోపే ఒక సెకను, అంటే 16.7 మీటర్లు పోయాయి. పొడి రోడ్డు మీద డిసెలరేషన్ 7 అనుకుంటే ఆగడానికి మరో 20 మీటర్లు. మొత్తం దాదాపు 37 మీటర్లు! వాన పడితే ఇంకా ఎక్కువ.

అందుకే ఇడియం వాడేముందు, ఆగింది అదుపులోనా, అదుపు తప్పా అని చూసుకోండి. హైవే మీద మాత్రం ముందున్న బండికి ఎడం ఇవ్వండి. ఇడియం తప్పితే ఒక మార్కు పోతుందేమో, ఎడం తప్పితే ప్రాణమే పోతుంది.