సౌమనస్యం: వివాహ నిర్ణయంలో విస్మృతమైన యోగ్యత

జాతక పొంతన చూచునప్పుడు వర్ణకూటానికి 1 మొదలుకొని నాడీకూటానికి 8 వరకు గుణాలను లెక్కించి, 36లో కనీసం 18 లభిస్తే సంబంధం అనుకూలమని నిర్ణయించడం సంప్రదాయం. ఆపైన గోత్రం, విద్య, వేతనం, ఉద్యోగం ఏ దేశంలో అన్న విచారణ సాగుతుంది. భక్తుల ఇండ్లలో మరికొన్ని ప్రశ్నలు చేరుతాయి: వరుడు నిత్యం సంధ్యావందనం చేస్తాడా? వధువుకు లలితా సహస్రనామం కంఠస్థమా? ఇవేవీ అనుచితమైన ప్రశ్నలు కావు. అయితే పొయ్యిమీది పాలు పొంగిపోయిన ఉదయాన ఈ వ్యక్తి ముఖం ఎట్లా ఉంటుంది అని మాత్రం ఎవ్వరూ అడగరు. దానికి కూటం లేదు, గుణం లేదు. దంపతులు జీవించేది మాత్రం అట్టి ఉదయాలలోనే.

ఈ ప్రశ్న ఆధునికుల కల్పన అనుకోరాదు. ఋగ్వేదం పదవ మండలంలోని 85వ సూక్తం వివాహసూక్తం. అందులో నూతన వధువును ఉద్దేశించి, నీ దృష్టిలో క్రూరత్వం లేకుండుగాక, నీ మనస్సు ప్రసన్నంగా ఉండుగాక, పశువులకు సైతం నీవు శుభకరివి కమ్మని ఆశంసిస్తారు. ఆశీస్సు వధువుకే కదా అని వరుడు తప్పించుకోవడానికి వీలు లేదు. భర్త భార్యవలన, భార్య భర్తవలన సంతుష్టులై ఉన్న కులంలోనే శుభం స్థిరమని మనుస్మృతి తృతీయాధ్యాయం ఇరువురికీ కలిపి చెప్పింది. తెలుగునాట అధికసంఖ్యాక వైదిక కుటుంబాలు అనుసరించే ఆపస్తంబ గృహ్యసూత్రం, కన్యాలక్షణాలను వివరించిన పిదప, మనస్సూ కన్నులూ ఎవరియందు లగ్నమవుతాయో ఆమెతోనే సమృద్ధి, తక్కినవి లెక్కించనక్కరలేదని కొందరి మతాన్ని కూడా ఉదాహరించింది. లక్షణాల పట్టికను కూర్చిన సూత్రకారుడే ఈ మాటను విడిచిపెట్టలేకపోవడం గమనార్హం.

సాధకునికి ఈ విషయం మరింత ముఖ్యం. భగవద్గీత పదిహేడవ అధ్యాయం మానసిక తపస్సును నిర్వచిస్తూ మౌనం, ఆత్మనిగ్రహాల కంటె ముందుగా మనఃప్రసాదాన్ని, సౌమ్యత్వాన్ని పేర్కొన్నది. అనగా ప్రసన్నత, మార్దవం. పతంజలి మహర్షి చిత్తప్రసాదనానికి చెప్పిన నాలుగు భావనలలో మైత్రి, కరుణ, ముదిత అనే మూడూ ఈ కోవకే చెందుతాయి. కాబట్టి దయ, ప్రసన్నత కేవలం స్వభావసిద్ధమైన అలంకారాలు కావు, తపఃఫలాలు. లక్షజపం చేసి కూడా ఇంటివారిని గడగడలాడించే వ్యక్తి సాధన ఎంతవరకు వచ్చిందో ఆ ఇంటివారి ముఖాలే చెబుతాయి.

మహాభారతం ఆదిపర్వంలోని జరత్కారువు వృత్తాంతం ఈ సందర్భంలో తప్పక తలచుకోదగినది. ఆయన తపస్సుకు సాటి లేదు. వాసుకి తన సోదరిని ఆయనకు సమర్పించాడు. తనకు అప్రియమైనది ఏది చేసినా వదలి వెళ్లిపోతానని వివాహమైన వెంటనే ఆయన నియమం పెట్టాడు. ఒకనాటి సాయంకాలం ఆయన ఆమె ఒడిలో తల పెట్టి నిద్రిస్తున్నాడు. సూర్యుడు అస్తమించబోతున్నాడు. లేపితే కోపం, లేపకపోతే సంధ్యాలోపం. ఆ సాధ్వి ఎంతో తర్కించి, భర్త ధర్మలోపం కంటె తనపై కోపమే మేలనుకొని మృదువుగా మేలుకొలిపింది. నేను నిద్రిస్తుండగా సూర్యునికి అస్తమించే శక్తి ఎక్కడిదని ఆయన ఆగ్రహించి, గర్భవతియైన ఆమెను విడిచి వెళ్లాడు. ఆస్తీకుని జననం దైవసంకల్పం, సర్పజాతి రక్షణకు అది అవసరమైంది, సందేహం లేదు. కాని ఆ కథలో దైవసంకల్పాన్ని చూచే పౌరాణికులు ఆ సాయంకాలం ఆమె హృదయంలో కదలాడిన భయాన్ని కూడా ఒక్క క్షణం చూడాలి. భర్తను నిద్రలేపడానికి కూడా ధర్మమీమాంస చేయవలసి వచ్చిన ఇల్లు అది. అట్టి ఇండ్లు నేడూ ఉన్నాయి, వాటిలో దైవసంకల్పం మాత్రం కనబడదు.

సావిత్రి ఎన్నిక వేరు. తండ్రి అశ్వపతి అనుమతితో ఆమె స్వయంగా తపోవనాలు తిరిగి సత్యవంతుని వరించింది. అతడు రాజ్యం పోయిన అంధరాజు ద్యుమత్సేనుని కుమారుడు, వనవాసి. నారదుడు అతని గుణాలు చెబుతూ శౌర్యసత్యాలతోపాటు మృదుత్వాన్ని, మైత్రీభావాన్ని, అసూయారాహిత్యాన్ని పేర్కొన్నాడు. బాల్యంలో గుర్రాలంటే ఇష్టపడి మట్టిగుర్రాలు చేస్తూ, బొమ్మలు గీస్తూ చిత్రాశ్వుడని పేరు పొందాడట. అడవిపాలైనా ఆనందం పోగొట్టుకొనని బాలుడు! అశ్వపతి గుణాలు విని ఊరుకోలేదు, దోషాలు కూడా చెప్పమన్నాడు. ఏడాది ఆయువే ఏకైక దోషమని తేలినా సావిత్రి నిర్ణయం మారలేదు. పునర్జీవితుడైన సత్యవంతుడు మేల్కొని మొదట చింతించినది తనకోసం ఎదురుచూచే వృద్ధ తల్లిదండ్రుల గురించే. ఆ రాత్రి సావిత్రి పండ్లబుట్టను కొమ్మకు తగిలించి, గొడ్డలి తాను పట్టుకొని, అతని చేతిని తన భుజంపై వేసుకొని నడిపించింది. ఎవరు ఎవరికి సేవ చేయాలన్న లెక్క అక్కడ లేదు.

మాట కటువైనా మనసు వెన్న అని మధ్యవర్తులు తరచుగా సమర్థిస్తారు. ఆ వెన్న ఎప్పుడు కరుగుతుందో చెప్పరు. పెళ్లయితే కోపం తగ్గుతుందన్న మరొక ఆశ్వాసనకు ఏ గృహ్యసూత్రంలోనూ ప్రమాణం లేదు. అట్లని ఎప్పుడూ పరిహాసాలాడేవాడు ప్రసన్నుడని భ్రమపడరాదు. పదిమందిలో తమ్ముని, పనివారిని ఎగతాళి చేసి నవ్వించేవాడి నవ్వులో దయ లేదు. మితభాషియై, ఒంటరిగా ఉన్న ముసలమ్మకు ముందుగా చోటిచ్చేవాడిలో ఉంటుంది.

నేడు అనేక పెళ్లిచూపులు దేవాలయాలలోనే జరుగుతున్నాయి. ఇది సదవకాశం. దర్శనం వరుస కదలనప్పుడు, ఎండకు కాలిన రాళ్లపై నడిచేటప్పుడు, చెప్పులు చూచే మనిషి చిల్లర లేదన్నప్పుడు ఇరువురూ ఎట్లా మాట్లాడుతున్నారో పెద్దలు గమనించవచ్చు. అబ్బాయి తల్లిని ఎట్లా పిలుస్తున్నాడు, అమ్మాయి చెల్లెలు ఆమె పక్కన నిర్భయంగా నవ్వుతున్నదా అన్నవి ఏ పంచాంగంలోనూ దొరకవు. ఒక్క సమావేశంతో తాంబూలాలు పుచ్చుకోక, ఇరువురినీ మూడు నాలుగు పర్యాయాలు మాట్లాడుకోనివ్వాలి. అశ్వపతి వలె దోషాలను కూడా అడగాలి. తమ సంతానపు దోషాలను దాచకుండా చెప్పే ధైర్యం కూడా తల్లిదండ్రులకు ఉండాలి. జాతకాలు ఆ తరువాత చూచినా ముహూర్తం ఎక్కడికీ పోదు.