ఒక ముంత నీటితో పూచే పూలు

త్రాగునీటికే కొరత ఉన్న ఊళ్ళో పూల మొక్కలు పెంచడం సబబేనా? మా పామూరు వంటి చోట్ల ఈ ప్రశ్న తప్పక ఎదురవుతుంది. ఇది మెట్ట ప్రాంతం. కనిగిరి, పామూరు వైపు బోరు నీటిలో ఫ్లోరైడ్ బాధ ఏనాటిదో. అనేక కుటుంబాలు త్రాగే నీటిని కొనుక్కుంటున్నాయి. మదరసాలో ఒక విద్యార్థి ఇటీవల, “హజ్రత్! కొన్న నీళ్ళు పూలకు పోస్తే దుబారా కాదా?” అని అడిగాడు.

అడగవలసిన ప్రశ్నే. కొన్న నీళ్ళు పూలకు పోయడం నిస్సందేహంగా దుబారాయే. అయితే ప్రతి ఇంట్లోనూ వుజూ చేసిన నీరు, బియ్యం కడిగిన నీరు మురుగు కాలువ పాలవుతున్నాయి. ఒక్కొక్కరు ఒక ముంత నీటితో వుజూ చేసినా, నలుగురున్న ఇంట్లో ఐదు పూటలకు ఇరవై ముంతలు. వుజూ నిలిచి ఉన్న పూటలను తీసివేసినా పది ముంతలకు తక్కువ కాదు. సబ్బు కలవని ఆ నీటిని ఒక బక్కెట్లో పడితే ఆరేడు కుండీలకు చాలును.

ఏ పూలు? చామంతిని సాధారణంగా పిలకలతో, కొమ్మ ముక్కలతో పెంచుతారు. విత్తనంతో సులభంగా వచ్చేవి బంతి, జినియా, గైలార్డియా. ఇవన్నీ చామంతి, పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందినవే. బంతి, జినియాల పుట్టిల్లు మెక్సికో అయినా మన ఎండకు చక్కగా ఓర్చుకుంటాయి. తక్కువ నీటితో నెగ్గుకురావడంలో గైలార్డియా మరింత గట్టిది.

ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు సమపాళ్ళలో కలిపి, అడుగున రంధ్రాలున్న పళ్ళెంలో నింపండి. విత్తనాలను పలుచగా చల్లి, కనిపించకుండా పోయేంత మట్టి మాత్రమే కప్పండి. లోతుగా పాతిపెడితే మొలక పైకి రాలేదు. నీటిని ధారగా పోయక చేతితో చిలకరించండి. బంతి, జినియా విత్తనాలు సుమారు వారం రోజుల్లో మొలుస్తాయి. నాలుగైదు ఆకులు వచ్చాక, సాయంకాలం పూట వేర్లు చెదరకుండా కుండీలోకి మార్చండి. బంతి మొక్క జానెడు ఎదిగాక కొన చిగురు త్రుంచితే ప్రక్క కొమ్మలు వచ్చి పూలు పెరుగుతాయి. ఎరువు మితిమీరితే ఆకులే ఏపుగా పెరుగుతాయి, పూలు తగ్గుతాయి. జినియా ఆకులు తడిస్తే తెగుళ్ళు రావచ్చు గనుక నీటిని మొదట్లోనే పోయాలి. ఆగస్టు చివర విత్తినవారికి అక్టోబరు చివర, నవంబరులో పూలు కనిపిస్తాయి.

ఇక పిల్లలకు చూపదగిన విషయం ఒకటున్నది. మనం ఒక బంతిపువ్వు అనుకొనేది నిజానికి ఒక్క పువ్వు కాదు. అనేక చిన్న పువ్వుల గుంపు. ఒక్కొక్క రేకను లాగి చూస్తే దాని అడుగున సన్నని సూదివంటి భాగం ఉంటుంది. విత్తనం అయ్యేది అదే. పువ్వు మొక్కపైనే పూర్తిగా ఎండిన తరువాత కోసి, నల్లబడిన సూదులను ఏరి, నీడలో ఆరబెట్టి, కాగితపు పొట్లంలో కట్టి, పైన నెల, సంవత్సరం వ్రాసి పెట్టండి. తేమ తగలరాదు. అంగట్లో కొన్న పొట్లంపై ‘హైబ్రిడ్’ అని ఉంటే మాత్రం, ఆ పూల విత్తనాలు తల్లి మొక్కవంటి పూలనే ఇస్తాయని ఆశించకండి. నాటు రకమైతే ఒకసారి కొన్నది ఏళ్ళ తరబడి ఇంట్లోనే నిలుస్తుంది.

బంతి వల్ల కంటికింపే గాక వేరే మేలూ ఉన్నది. దాని వేర్ల నుండి వెలువడే పదార్థాలు నేలలోని నులిపురుగులను అణచివేస్తాయి. అందుకే టమాటా చేలలో బంతిని వరుసలుగా వేసే రైతులున్నారు. పెరట్లో వంగ, టమాటా పెంచే సోదరీమణులు వాటి నడుమ రెండు బంతి మొక్కలు నాటుకోవచ్చును.

ఆ విద్యార్థికి నేను చెప్పిన సమాధానం ఇంతే: కొన్న నీటిలో ఒక్క చుక్క కూడా పూలకు పోయవద్దు, వాడిన నీటిలో ఒక్క చుక్క కూడా కాలువకు వదలవద్దు. ఇంట్లో ఏ నీరు ఎటు పోతున్నదో ఒక వారం పాటు పిల్లల చేత లెక్క వ్రాయించండి. కుండీలు ఎన్ని పెట్టాలో ఆ లెక్కను బట్టే నిర్ణయించుకోండి.