కార్డు పోలేదు, తాళం పడింది

హాస్టల్‌కి ఎవరో ఇచ్చిన పాత ల్యాప్‌టాప్‌లో లైనక్స్ ఎక్కించాక వైఫై రాకపోతే, "కార్డు పోయింది" అని మూలన పడేయకండి. చాలాసార్లు కార్డు బాగానే ఉంటుంది. దానిలోకి ఎక్కాల్సిన ఫర్మ్‌వేరే ఉండదు.

పాత బ్రాడ్‌కామ్ చిప్పుల సంగతే చూడండి. వాటికి మొదట్లో లైనక్స్ డ్రైవర్ కంపెనీ ఇవ్వలేదు. కొందరు వాలంటీర్లు కంపెనీ డ్రైవర్‌ని విప్పి, తెలుసుకున్నదంతా రాసిపెట్టారు. ఇంకొందరు ఆ రాత మాత్రమే చదివి కొత్త డ్రైవర్ రాశారు. 2006లో అది కెర్నెల్‌లో చేరింది. ఫర్మ్‌వేర్‌ని పంచే హక్కు మాత్రం ఎవరికీ లేదు. అందుకే డెబియన్ దాన్ని తన డిస్కులో పెట్టదు, నెట్ నుంచి తెచ్చుకోమంటుంది. నెట్ రావడానికే కదా ఆ ఫర్మ్‌వేర్! పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు.

దారి ఉంది. టెర్మినల్‌లో 'ఎల్ఎస్‌పీసీఐ' కొడితే చిప్పు పేరు తెలుస్తుంది. ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టండి. డెబియన్‌లో 'కాంట్రిబ్' విభాగం తెరిచి, 'ఫర్మ్‌వేర్-బీ43-ఇన్‌స్టాలర్' వేసి, రీస్టార్ట్ చేయండి.

డబ్బిచ్చి కొన్న వస్తువుని నడిపించే ఫైలుని పక్కవాడికి ఇవ్వకూడదనడం న్యాయం కాదు. కాలేజీలు కంప్యూటర్లు కొనేముందే ఈ మాట అడగాలి. కొత్తది కొనగలిగినవాడికి ఈ తాళం కనిపించదు. పాతదే దిక్కైనవాడికి స్కాలర్‌షిప్ గడువు దాటిపోతుంది.

వాలంటీర్లు చేసిందే మనమూ చేద్దాం. తెలిసినవాళ్లు తెలుగులో రాసి హాస్టల్ గోడకి అంటించండి.